8 నెలల బాబు, నాలుగున్నరేళ్ళ పాప, ఒక స్విఫ్ట్: కారు సీట్ల సంగతి

మీరడిగింది ఇదీ: కొండాపూర్‌లో ఉంటారు, 2019 స్విఫ్ట్ ఉంది. బాబుకి 8 నెలలు, ఎనిమిదిన్నర కిలోలు. పాపకి నాలుగున్నరేళ్ళు, 15 కిలోలు, 102 సెంటీమీటర్లు. షాపులో ‘పుట్టినప్పటి నుంచి 12 ఏళ్ళ దాకా ఒకటే సీటు’ చూపిస్తున్నారు. అమెరికాలో ఉన్న మీ అక్క వాళ్ళ పిల్లల సీటు పట్టుకొస్తానంటున్నారు. మీ అత్తగారేమో ఒళ్ళో పెట్టుకుంటే చాలదా అంటున్నారు. ఇద్దరికీ ఏం కొనాలి, ఎంతకాలం వాడాలి?

నేను కార్ల క్రాష్ సిమ్యులేషన్ పనిలో ఉన్నాను. గుద్దుకున్నప్పుడు బెల్టు ఏం చేస్తుంది, లోపలి మనిషి ఎటు పోతాడు అని కంప్యూటర్లో చూస్తూ కూర్చోవడమే ఉద్యోగం. ఇంట్లో ఇద్దరు పిల్లలు. మా అపార్ట్‌మెంట్లో ఎవరు కొత్త సీటు కొన్నా సెల్లార్‌లోకి పిలుస్తారు, అలా రకరకాల కార్లలో బిగించిన అనుభవం కూడా ఉంది. అందుకే బ్రాండ్ల జోలికి వెళ్ళకముందే ఒక మాట. సరైన సర్టిఫికేట్ ఉన్న చవక సీటుకీ ఖరీదైన సీటుకీ ఉన్న తేడా కంటే, వదులుగా పెట్టిన సీటుకీ బిగుతుగా పెట్టిన సీటుకీ ఉన్న తేడా చాలా పెద్దది. డబ్బు దగ్గర సర్దుకోవచ్చు, బిగుతు దగ్గర సర్దుకోకూడదు.

ముందు మీ అత్తగారి ప్రశ్న. ఇంట్లో ఆ ముడి విప్పకుండా ఎంత మంచి సీటు కొన్నా అది నెల తిరక్కుండా డిక్కీలోకి, అక్కణ్ణుంచి అటక మీదకి చేరుతుంది. ఆవిడ అడిగినదాంట్లో తప్పేం లేదు. పిల్లల్ని ఒళ్ళో పెట్టుకుని పెంచినవాళ్ళకి పసివాణ్ణి కుర్చీలో పెట్టి పట్టీలు బిగించడం మొరటుగానే కనిపిస్తుంది. కానీ లెక్క వేరేలా ఉంది. గంటకి 50 కిలోమీటర్ల వేగంతో పోతున్న కారు దేన్నో గుద్దుకుని అర మీటరు నలిగి ఆగిందనుకోండి. ఆ క్షణంలో లోపలున్న ప్రతిదీ తన బరువుకి దాదాపు 20 రెట్ల బలంతో ముందుకి దూకుతుంది. ఎనిమిదిన్నర కిలోల బాబు చేతుల్లో 170 కిలోలవుతాడు. అదీ సెకనులో పదో వంతు కూడా పట్టని సమయంలో. ఎంత ప్రేమగా, ఎంత గట్టిగా పట్టుకున్నా ఆ బరువు ఎవరి చేతుల్లోనూ ఆగదు. పైగా పట్టుకున్నవాళ్ళు బెల్టు పెట్టుకోకపోతే వాళ్ళ బరువు కూడా 20 రెట్లయి, ముందు సీటుకీ తమకీ మధ్య బిడ్డని నలిపేస్తుంది. ఇద్దరినీ కలిపి ఒకే బెల్టు చుట్టేవాళ్ళని చూశాను. అది అన్నిటికంటే ప్రమాదం, పెద్దవాళ్ళ బరువంతా బెల్టు రూపంలో పిల్లవాడి పొట్టలోకి దిగుతుంది.

‘మేం ఊళ్ళోనే తిరుగుతాం, ట్రాఫిక్‌లో 40 దాటేదెక్కడ’ అని చాలామంది అంటారు. 40లో గోడని గుద్దుకోవడమంటే ఆరు మీటర్లకి పైనుంచి, అంటే ఇంచుమించు రెండో అంతస్తు బాల్కనీ నుంచి కింద పడటంతో సమానం. ఇక మీరు కొండాపూర్ నుంచి శంషాబాద్ వెళ్ళేది అవుటర్ రింగ్ రోడ్ మీదే కదా. అక్కడ కుడి పక్క లేన్లలో గంటకి 120 వరకు వెళ్ళనిస్తారు.

చట్టం సంగతి ఒక్క ముక్కలో: 2019లో సవరించిన మోటారు వాహనాల చట్టంలో 194బి సెక్షన్ ప్రకారం 14 ఏళ్ళలోపు పిల్లలకి బెల్టుగానీ చైల్డ్ సీటుగానీ లేకుండా కారు నడిపితే వెయ్యి రూపాయల జరిమానా. ఇంట్లో ఈ వాదన పనికిరాదు. పనికొచ్చేది ఏంటంటే, బాబుకి ఈసారి టీకా వేయించడానికి వెళ్ళినప్పుడు అత్తగారిని కూడా తీసుకెళ్ళి, పిల్లల డాక్టరు చేత ఆవిడ ఎదురుగా ఒక్కసారి చెప్పించండి. మనం వందసార్లు చెప్పినా ఎక్కని మాట డాక్టరు గారు ఒక్కసారి అంటే ఎక్కుతుంది. ఆ తర్వాత సీటు పట్టీలు పెట్టే పని కూడా ఆవిడకే నేర్పండి. తన చేతుల మీదుగా జరిగే పని మీద ఎవరికీ అనుమానం ఉండదు.

ఇప్పుడు బాబు. వాడి సీటు వెనక్కి తిరిగి ఉండాలి, అంటే వాడి ముఖం డిక్కీ వైపు. ఇందులో ‘బహుశా’ లేదు. కారణం మెడ. పుట్టిన బిడ్డ పొడవులో తల ఒక్కటే దాదాపు నాలుగో వంతు ఉంటుంది. పెద్దవాళ్ళలో ఏడో వంతో ఎనిమిదో వంతో. అంత బరువైన తలని మోసే మెడ పూసలు ఆ వయసులో ఇంకా పూర్తిగా ఎముకగా మారవు, చాలా భాగం మెత్తటి మృదులాస్థి. ముందుకి తిరిగి కూర్చున్న పసివాడికి గుద్దుకున్నప్పుడు ఛాతీ పట్టీల దగ్గర ఆగుతుంది, తల మాత్రం ఆగదు. ఆ లాగుడంతా మెడే భరించాలి. వెనక్కి తిరిగి ఉంటే తల, మెడ, వీపు మూడూ కలిసి సీటు వీపులోకి ఒత్తుకుంటాయి, బలం అంతటా పరుచుకుంటుంది. ఈ ఆలోచన స్వీడన్‌ది. బెర్టిల్ ఆల్డ్‌మన్ అనే ప్రొఫెసర్, అంతరిక్ష యాత్రికులు రాకెట్ లేచేటప్పుడు ఆ బలమంతా వీపు మీద పడేలా పడుకోవడం చూసి, 1964లో పిల్లల కోసం వెనక్కి తిరిగిన సీటు తయారుచేసి వోల్వో కారులో పరీక్షించాడు. స్వీడన్‌లో ఇప్పటికీ నాలుగేళ్ళ దాకా వెనక్కి తిప్పి కూర్చోబెట్టడం మామూలే.

మన దగ్గర అందరూ తడబడేది ఇక్కడే. షాపుల్లో దొరికే చాలా సీట్లు ఆర్ 44 అనే పాత ఐరోపా ప్రమాణం ప్రకారం చేసినవి. మన ఏఐఎస్-072 కూడా ఆ దారిలోదే. అందులో 9 కిలోలు దాటితే ముందుకి తిప్పడానికి అనుమతి ఉంది, బాక్సు మీద కూడా ‘9-18 కిలోలు’ అని బొమ్మతో సహా ఉంటుంది. మీ బాబు ఇంకో నెల రెండు నెలల్లో 9 కిలోలవుతాడు. మొదటి పుట్టినరోజుకి సీటు తిప్పేయడం మన ఇళ్ళల్లో ఒక వేడుకలా అయిపోయింది. బరువు పెరిగినంత మాత్రాన మెడ గట్టిపడదు. అందుకే కొత్త ప్రమాణం ఆర్ 129లో 15 నెలలు నిండేదాకా వెనక్కి తిరిగే ఉండాలని కట్టుబాటు పెట్టారు. అది కూడా కనీసం మాత్రమే. అమెరికా పిల్లల డాక్టర్ల సంఘం 2018 నుంచి వయసు లెక్కే తీసేసింది: సీటు మీద రాసిన గరిష్ఠ బరువో ఎత్తో దాటేదాకా వెనక్కే ఉంచమంటోంది. నా సలహా కూడా అదే. రెండేళ్ళలోపు తిప్పొద్దు, సీటు ఒప్పుకుంటే మూడేళ్ళ దాకా ఉంచండి.

‘కాళ్ళు ముడుచుకుపోతున్నాయి కదా’ అంటారు. ముడుచుకోనివ్వండి. పిల్లలు ఇంట్లో కూర్చునేదే బాసింపట్టు వేసుకుని. కాళ్ళు కాదు చూడాల్సింది, తల పైభాగం సీటు పై అంచు కంటే కిందే ఉందా లేదా అన్నది.

అందుకని బాబుకి కొనేటప్పుడు అడగాల్సిన మొదటి ప్రశ్న ‘వెనక్కి తిరిగి ఎన్ని కిలోల దాకా?’ అని. కొన్నిటికి 13, కొన్నిటికి 18. మన పిల్లలు 13 కిలోలకి వచ్చేసరికి రెండున్నర, మూడేళ్ళు అవుతుంది కాబట్టి బరువు పరంగా 13 కూడా సరిపోవచ్చు. కానీ తల అంతకంటే ముందే అంచు దాటే అవకాశం ఉంది. 18 దాకా అని ఉన్నది కాస్త పొడవుగా ఉంటుంది, వీలైతే అదే తీసుకోండి. చేత్తో మోసుకెళ్ళే తొట్టి లాంటి సీట్లు మీకు ఇప్పుడు దండగ, ఏడాది తిరిగేసరికి చాలవు. ‘ఫోర్ ఇన్ వన్, క్యారీకాట్, ఊయల, కారు సీటు’ అని అమ్మేవాటిలో కొన్నిటికి అసలు సర్టిఫికేట్ ఉండదు. సీటు వెనకో అడుగునో ఆరెంజ్ రంగు స్టిక్కరు, దాని మీద గుండ్రని గీతలో ఇంగ్లిష్ ‘ఈ’ అక్షరం, పక్కన ఒక అంకె ఉండాలి. లేదా ఏఐఎస్-072 గుర్తు ఉండాలి. ఆన్‌లైన్‌లో వెయ్యి రూపాయల లోపు దొరికే గుడ్డ పట్టీల కుషన్లున్నాయి చూడండి, అవి సీట్లే కావు. ఉత్త దిండ్లు.

ఆర్ 129 సీటు దొరికి, బడ్జెట్ ఒప్పుకుంటే మంచిదే. పక్కనుంచి గుద్దుకునే పరీక్ష అందులో ఉంది, ఆర్ 44లో లేదు. మన సిగ్నళ్ళ దగ్గర పక్కనుంచి వచ్చి గుద్దేవాళ్ళకి కొదవ లేదు కాబట్టి దానికి విలువుంది. ఐరోపాలో 2024 సెప్టెంబర్ నుంచి ఆర్ 44 సీట్లు అమ్మడమే ఆపేశారు. అలాగని ఆర్ 44 సీటు పనికిరానిదని కాదు. సరిగ్గా బిగించిన ఆర్ 44, వదులుగా పెట్టిన ఆర్ 129 కంటే నయం.

ఇక మీ అక్క తెచ్చే సీటు. అక్కగారిదే కాబట్టి ఎప్పుడు కొన్నారు, యాక్సిడెంట్ అయిందా అన్నది తెలుస్తుంది, అది పెద్ద ప్లస్. ఓఎల్ఎక్స్‌లోనో అపార్ట్‌మెంట్ వాట్సాప్ గ్రూపులోనో ముక్కూముఖం తెలియనివాళ్ళ దగ్గర కొనేదానికి ఆ భరోసా లేదు. సీటు అడుగున ప్లాస్టిక్ మీద అచ్చేసిన గడువు తేదీ చూసి చెప్పమనండి. తయారైన నాటి నుంచి ఆరు నుంచి పదేళ్ళు ఇస్తారు మామూలుగా. అసలు చిక్కు బిగించే దగ్గర వస్తుంది. అమెరికా కార్లలో వెనక బెల్టు మొత్తం బయటికి లాగితే లాక్ పడే పద్ధతి ఉంటుంది. అక్కడి సీట్లు దాన్ని నమ్ముకుని చేసినవి. మన కార్లలో మామూలుగా ఉండే బెల్టు కుదుపు వచ్చినప్పుడే లాక్ పడుతుంది, మిగతా సమయమంతా నెమ్మదిగా వదులవుతూనే ఉంటుంది. అంటే ఆ సీటుని మన బెల్టుతో కడితే ఇల్లు దాటేలోపే సడలిపోతుంది. సీటు మీదే బెల్టుని పట్టి ఉంచే బిగింపు ఉందేమో చూడమనండి. లేకపోతే ఆ సీటుతో వచ్చే కొక్కేల పట్టీని మీ స్విఫ్ట్‌లోని ఐసోఫిక్స్ కడ్డీలకి (చైల్డ్ సీటు తగిలించడానికే కారు సీటు సందులో ఇచ్చే ఇనుప కడ్డీలు) తగిలించి, వెనక్కి లాగి బిగించాలి. చాలావరకు సరిపోతుంది. దానికి బరువు హద్దు ఉంది, పిల్లవాడూ సీటూ కలిపి సుమారు 29 కిలోలు. ఇంకోటి, విమానంలో చెక్ఇన్ చేస్తే దాన్ని విసిరేస్తారు, పగుళ్ళు పైకి కనిపించవు. మందపాటి అట్టపెట్టెలో చుట్టూ బట్టలు కుక్కి తెమ్మనండి. ఇన్ని షరతులు కుదిరితే పాపకి వాడొచ్చు. బాబుకి మాత్రం ఇక్కడే కొనండి, కారులో పెట్టి చూసి కొనే వీలుంటుంది.

కారులో పెట్టి చూడనివ్వని షాపులో కొనొద్దు. షోరూమ్ ముందు కారు ఆపి, సీటు తెప్పించి, మీరే బిగించి చూడండి. మన కార్లలో తరచూ వచ్చే ఇబ్బంది బెల్టు పొడవు: వెనక్కి తిరిగిన సీటు చుట్టూ తిప్పేసరికి బకిల్ దాకా చేరదు. ఇంటికొచ్చాక తెలిస్తే తిరిగిచ్చేందుకు తిరగాలి.

మీ స్విఫ్ట్‌లో వెనక రెండు పక్క సీట్లకీ ఐసోఫిక్స్ ఉంది. కుషనూ వీపూ కలిసే సందులో వేళ్ళు పెడితే ఇనుప కడ్డీలు తగులుతాయి. తగల్లేదంటే మీరు సీటు కవర్లు వేయించారన్నమాట. రాణీగంజ్‌లో వేయించినా వీధి చివర వేయించినా ఆ మందపాటి లెదరెట్ కవర్లు కడ్డీల్ని పూర్తిగా మూసేస్తాయి. మొహమాటపడకుండా అక్కడ కవరు కత్తిరించండి, లేదా వెనక సీటు కవరే తీసేయించండి. కవరు మీద పెట్టిన సీటు జారుతుంది కూడా. ఐసోఫిక్స్ రెండు చేతులూ టక్కుమని పడాలి, రెండు వైపులా పచ్చ గుర్తు రావాలి. ఒక వైపు పచ్చ, రెండో వైపు ఎరుపు వస్తే పడనట్టే. ముందు వైపు ఊతకాలు ఉన్న సీటైతే ఆ కాలు గట్టి నేల మీద ఆనాలి. మందపాటి 7డీ మ్యాట్ వేయించి ఉంటే అది స్పాంజిలా దిగుతుంది, ఆ చోట మ్యాట్ తీసేయండి. ముందుకి తిరిగిన సీటుకి మూడో పట్టీ ఉంటుంది, టాప్ టెథర్ అంటారు, సీటు నెత్తి మీదుగా వెనక్కి వెళ్ళి కారు సీటు వీపు వెనకున్న కొక్కేనికి తగిలించాలి. దీన్ని చాలామంది అదనపు తాడు అనుకుని మడిచి పెట్టేస్తారు. గుద్దుకున్నప్పుడు తల ఎంత దూరం ముందుకి వెళ్తుందన్నది ఎక్కువగా దాని చేతిలోనే ఉంది.

బెల్టుతో బిగించేటప్పుడు ఒంటి బరువు వాడాలి. సీటులో మోకాలు పెట్టి, మీ బరువంతా దాని మీద మోపి, బెల్టు రెండో చివర లాగుతూ లాక్ చేయండి. మెలిక ఉండకూడదు. ఆ తర్వాత బెల్టు సీటులోంచి దూరే చోట ఒక చేత్తో పట్టుకుని అటూ ఇటూ కదపండి. అంగుళం కంటే ఎక్కువ కదిలితే విప్పి మళ్ళీ మొదలు. వెనక్కి తిరిగిన సీటుని పైభాగం పట్టుకుని ఊపితే ఊగుతుంది, దానికి కంగారుపడొద్దు. పరీక్ష బెల్టు దారి దగ్గరే. వంపు విషయానికొస్తే, అప్పుడే పుట్టిన బిడ్డకి దాదాపు 45 డిగ్రీలు వాలి ఉండాలి, లేకపోతే తల ముందుకి వాలి గొంతు మడత పడి ఊపిరి అందదు. మీ బాబుకి 8 నెలలు, మెడ నిలిపాడు కాబట్టి సీటు మాన్యువల్ ఒప్పుకున్న మేరకు కాస్త నిటారుగా పెట్టొచ్చు. స్విఫ్ట్ లాంటి చిన్న కారులో ఆ రెండు మూడు అంగుళాలే ముందు కూర్చునేవారి మోకాళ్ళని కాపాడతాయి.

పట్టీలు: వెనక్కి తిరిగినప్పుడు భుజానికి సమంగానో కొంచెం కిందనుంచో రావాలి, ముందుకి తిరిగినప్పుడు సమంగానో కొంచెం పైనుంచో. బిగించాక భుజం ఎముక దగ్గర పట్టీని గిల్లినట్టు పట్టుకోండి. వేళ్ళ మధ్య మడత దొరికితే వదులు. మన దగ్గర చలికోట్ల బెడద లేదుగానీ పట్టు పావడాల బెడద ఉంది. పెళ్ళికి వెళ్ళేటప్పుడు పాపకి పావడా, కింద క్యాన్‌క్యాన్ (పావడా ఉబ్బుగా నిలిచేలా వేసే లోపలి గుడ్డ), మీద నగలూ పెట్టి సీటులో కూర్చోబెట్టి పట్టీలు వేస్తే, పైకి బిగుతుగానే కనిపిస్తుంది. ఆ గుడ్డంతా నొక్కుకుపోయాక మధ్యలో నాలుగు వేళ్ళ ఖాళీ ఉంటుంది. మామూలు బట్టల్లో తీసుకెళ్ళి ఫంక్షన్ హాల్ పార్కింగ్‌లో మార్చండి. చిరాకే, కానీ నలగని పావడాతో దిగుతుంది, అది ఇంకో లాభం.

ముందు సీటు గురించి ఒక హెచ్చరిక. ఎయిర్‌బ్యాగ్ పనిచేసే ముందు సీటులో వెనక్కి తిరిగిన సీటు ఎప్పుడూ పెట్టకూడదు, ‘పక్కనే ఉంటే చూసుకుంటూ నడుపుతాను’ అన్నా సరే. బ్యాగ్ తెరుచుకునేది సరిగ్గా పిల్లవాడి తల వెనకున్న ప్లాస్టిక్ మీదకి. మీ కారుకి రెండు ఎయిర్‌బ్యాగులూ ఉన్నాయి. 13 ఏళ్ళ దాకా పిల్లల చోటు వెనకే.

పాప సంగతి. 15 కిలోలు కాబట్టి బూస్టర్‌కి మార్చొచ్చని షాపువాళ్ళు అంటారు, ఆర్ 44 ప్రకారం అది తప్పు కూడా కాదు. నేనైతే మార్చను. బూస్టర్ అంటే పిల్లని ఎత్తులో కూర్చోబెట్టి కారు బెల్టే వాడటం. అందులో పిల్ల దారంతా కదలకుండా, ముందుకి వంగకుండా, బెల్టు చంక కిందకి తోసుకోకుండా కూర్చోవాలి. నాలుగున్నరేళ్ళ పిల్ల నిద్రపోతే పక్కకి వాలిపోతుంది, బెల్టు మెడ మీదకో చేతి మీదకో వస్తుంది. 9 నుంచి 36 కిలోల సీటు తీసుకోండి. 18 కిలోల దాకా దాని సొంత పట్టీలు, ఆపైన అదే సీటు వీపున్న బూస్టర్‌గా పనికొస్తుంది. ‘పుట్టినప్పటి నుంచి 12 ఏళ్ళు’ సీటు కూడా పాపకి పరవాలేదు. బాబుకి మాత్రం అది వెడల్పు ఎక్కువ, వెనక్కి తిరిగినప్పుడు చోటు చాలా తింటుంది. అన్ని వయసులకీ అని చేసింది ఏ వయసుకీ పూర్తిగా అతకదు. పైగా ఒకే సీటు 12 ఏళ్ళు మన ఎండల్లో నిలుస్తుందని నేను నమ్మను.

వీపు లేని ఉత్త బూస్టర్ 125 సెంటీమీటర్లు దాటాకే. అసలు బూస్టర్ ఎప్పుడు మానేయాలంటే ఎత్తు దాదాపు 145 సెంటీమీటర్లు అయినప్పుడు, మన పిల్లల్లో అది చాలామందికి 11, 12 ఏళ్ళకి. ‘మూడో క్లాసు పిల్లకి ఇంకా చిన్నపిల్లల సీటా’ అని బంధువులు నవ్వుతారు, పిల్ల కూడా సిగ్గుపడుతుంది. కారణం తెలిస్తే ఓపిక వస్తుంది: చిన్న పిల్లల తుంటి ఎముకకి పెద్దవాళ్ళలా బెల్టుని పట్టి ఆపే మూల ఇంకా రాదు. కింది బెల్టు జారి పొట్ట మీదకి ఎక్కుతుంది, గుద్దుకున్నప్పుడు పేగులూ వెన్నూ దెబ్బతింటాయి. మామూలు సీటులో కూర్చోబెట్టి చూడండి. వీపు పూర్తిగా ఆని, మోకాళ్ళు సీటు అంచు దగ్గర కిందికి మడిచి, కింది బెల్టు తొడల మీద, పై బెల్టు మెడకీ భుజం చివరకీ నడుమ ఉండి, ప్రయాణమంతా అలాగే కూర్చోగలిగితే బూస్టర్ మానొచ్చు. ఒక్కటి తప్పినా ఆగండి.

ఎవరెక్కడ కూర్చోవాలి అన్నది మీరు అడగలేదు, కానీ సీట్లు వచ్చిన మొదటి ఆదివారమే వచ్చే గొడవ ఇదే. స్విఫ్ట్ వెనక రెండు చైల్డ్ సీట్లు పెడితే మధ్యలో పెద్దమనిషి కూర్చునే చోటు మిగలదు, మధ్యలో నడుం బెల్టు మాత్రమే ఉంటే అది కూడా భద్రం కాదు. అంటే మీ దంపతులు, ఇద్దరు పిల్లలు, అత్తగారు ఐదుగురూ ఒకేసారి ఆ కారులో బుద్ధిగా బెల్టులు పెట్టుకుని వెళ్ళడం కుదరదు. దీనికి ఉపాయం లేదు. ఊళ్ళో రెండు విడతలుగానో, ఒకరు మెట్రోలోనో. సంక్రాంతికి విజయవాడ వైపు వెళ్ళేటప్పుడు మూడు వరసల పెద్ద కారు అద్దెకి తీసుకోండి. నలుగురే వెళ్ళేటప్పుడు బాబు సీటు ఎడమ పక్క పెట్టండి. ఎక్కించేది ఫుట్‌పాత్ వైపు నుంచి అవుతుంది, ఆ ముందు సీటు కాస్త ముందుకి జరిపినా నడిపేవారికి అడ్డం రాదు. అత్తగారికి మోకాళ్ళ నొప్పులుండి ముందు కూర్చునే రోజున ఈ ఏర్పాటు ఇరుకే, ముందే చెప్తున్నాను.

ఏడుపు గురించి టెన్షన్ పడకండి. సీటు ఇంటికి రాగానే కారులో బిగించకుండా హాల్లో పెట్టి ఆడుకోనివ్వండి. తర్వాత సాయంత్రం పూట బొటానికల్ గార్డెన్ దాకా చిన్న చిన్న ట్రిప్పులు. సీటు ఎక్కితేనే కారు కదులుతుంది అన్న నియమం పిల్లలకంటే పెద్దవాళ్ళకి కష్టం. ఏడిస్తే పక్కకి ఆపి ఎత్తుకోండి, నడుస్తున్న కారులో తీయొద్దు. దూర ప్రయాణాల్లో గంటన్నరకొకసారి ఆపి బాబుని దింపి పడుకోబెట్టండి. విజయవాడ దారిలో నార్కెట్‌పల్లి, సూర్యాపేట ఎలాగూ మనవాళ్ళు టిఫినుకి ఆగే చోట్లే. ఇల్లు చేరాక సీటులోనే నిద్రపోనివ్వొద్దు, మంచం మీదకి మార్చండి.

మే నెలలో ఎండలో నిలిపిన కారులో బకిల్ ఇనుము చర్మం కాలేంత వేడెక్కుతుంది. పాత తెల్ల పంచె ఒకటి సీటు మీద కప్పి దిగండి, ఎక్కించే ముందు బకిల్‌ని మీ మోచేతితో తాకి చూడండి. పాలు తెచ్చుకునే రెండు నిమిషాలకైనా పిల్లల్ని మూసిన కారులో వదలొద్దు. మొదటి పది నిమిషాల్లోనే లోపలి వేడి పది డిగ్రీల దాకా పెరుగుతుంది. ఇక బిస్కెట్ పొడి బకిల్‌లో చేరి టక్కుమనకపోతే గోరువెచ్చని నీళ్ళతో కడిగి ఆరబెట్టండి, నూనె వేయొద్దు. పట్టీల్ని వాషింగ్ మెషీన్‌లో వేయొద్దు, తడిగుడ్డతో తుడిస్తే చాలు.

క్యాబ్‌ల సంగతి నిజాయితీగా చెప్పాలంటే బాగోలేదు. చాలా క్యాబ్‌లలో వెనక బకిళ్ళు సీటు కవరు కింద పూడుకుపోయి ఉంటాయి. బుక్ చేయగానే డ్రైవర్ అన్నకి ఫోన్ చేసి ‘వెనక బెల్టులు తీసి పెట్టండన్నా, పిల్లల సీటు ఉంది’ అని చెప్తే చాలామంది తీసే ఉంచుతారు. అందుకోసమే బాబు సీటు ఐసోఫిక్స్‌తోనే కాక మామూలు బెల్టుతో కూడా బిగించే రకం కొనండి, ఎయిర్‌పోర్ట్ వెళ్ళేటప్పుడు దాని విలువ తెలుస్తుంది.

గట్టి యాక్సిడెంట్ అయితే సీటు పైకి బాగానే ఉన్నా మార్చేయండి. గడువు తీరినా అంతే. పారేసేటప్పుడు కత్తెరతో పట్టీలు తెగ్గోసి, వెనకాల ప్లాస్టిక్ మీద మార్కర్‌తో ‘పనికిరాదు’ అని రాసి మరీ పాత సామాన్ల అబ్బాయికి ఇవ్వండి. లేకపోతే వాళ్ళు కడిగి ఇంకొకరికి అమ్మేస్తారు.